సఫారీ సంగతి రాయవద్దు

ప్రజల కోసం నేను జన్మలో ఒక్కసారే నడుం కట్టాను. ఆ ప్రజలెవరని ఎవరైనా నిలదీస్తే ఇప్పుడు దాచేదేమీ లేదు. ఆ ప్రజలు నేనొక్కణ్ణే.

మెట్టుగూడలో రైల్వే గోడకు ఎదురుగా ఉండే గల్లీలో మా ఇల్లు. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి హెడ్ క్లర్కుగా దిగినవాణ్ణి. నా పనల్లా ఉత్తరాలు రాయడం. పైనుంచి అభ్యంతరం వస్తే జవాబు రాయాలి, కిందినుంచి జవాబు వస్తే అభ్యంతరం రాయాలి. నా జవాబు ఒకసారి చదివిన ఆడిట్ వాళ్ళు మళ్ళీ ఆ ఫైలు జోలికి వచ్చేవారు కాదని ఆఫీసంతా చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, నేను చెప్పేవాణ్ణి, వాళ్ళు వినేవారు. కోపం కూడా నాకు ముక్కుమీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. అలా అన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

రిటైరయ్యే రోజు సభకని ఒక సఫారీ కుట్టించుకున్నాను. ముదురు బూడిద రంగు. బట్టల దుకాణాయన గుడ్డ తాను విప్పి, “అస్లీ ఉన్ని సాబ్, పట్టుకొని చూడుండ్రి” అన్నాడు. పట్టుకుని చూశాను. ఉన్ని ఎట్లా ఉంటుందో నాకు తెలిస్తే కదా! అయినా తల ఊపాను. ఆ తరువాత పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, చివరికి కరెంటు బిల్లు గురించి పోట్లాడ్డానికి కూడా ఆ సఫారీయే. వేసవి ఎండలో చెమటలు కక్కుతూ, “ఉన్ని కదా, కొంచెం వేడి చేస్తుంది” అని అందరికీ చెప్పేవాణ్ణి. గల్లీలో ఆ మాట విననివాళ్ళు లేరు.

మా గల్లీ మొగదల గోడ పక్కన ఒక ఇస్త్రీ బండి ఉంది. భార్యాభర్తలిద్దరూ కలిసి నడుపుతారు. ఆమె ఇల్లిల్లూ తిరిగి బట్టల మూటలు తెస్తుంది, ఆయన బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్దుతాడు. మా పిల్లలు బడికి వెళ్ళేనాటినుంచీ ఆ బండి అక్కడే ఉంది. ఆయనకొక అలవాటు. బట్ట పరిచే ముందు ప్రతి జేబులో వేలు పెట్టి చూస్తాడు. చిల్లర దొరకనీ, బస్సు టికెట్టు దొరకనీ, మందుల చీటీ దొరకనీ, దాన్ని పాత పేపరు ముక్కలో పొట్లం కట్టి, మళ్ళీ అదే జేబులో పెట్టి, పైన చొక్కా మడతపెడతాడు. ఒక్కటీ పారేయడు. ఒకసారి మా ఆవిడ చెవిదుద్దు నా చొక్కా జేబులోంచి పొట్లంలో వచ్చింది. మెరుగు పెట్టించమని తను ఇస్తే, జేబులో వేసుకుని మరిచిపోయినవాణ్ణి నేనే. అప్పటికి నాలుగు రోజులుగా ఇంట్లో అందరినీ అనుమానించి కేకలు వేసినవాణ్ణీ నేనే.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున్నే పాలపాకెట్లకు వచ్చినవాళ్ళు నలుగురు బండి దగ్గర నిలబడి ఉన్నారు. నేను సఫారీ తీసుకోవడానికి వెళ్ళాను. ఆయన మొహం తేలేసి ఉంది.

“సార్, జెర తప్పైంది. ఎనకపక్క అంటుకున్నది.”

విప్పి చూస్తే వీపు మధ్యలో ఇస్త్రీపెట్టె ముక్కు అచ్చు, అరచెయ్యంత, నల్లగా మెరుస్తూ.

“ఏందయ్యా ఇది? ఇది ఉన్ని అని తెల్వదా నీకు?” అని అరిచాను.

“ఉన్ని కాదు సార్, పాలిస్టర్” అన్నాడాయన. “ఉన్ని అయితే గిట్ల కరగది, మాడ్తది. వాసన సుత వేరే వస్తది. మిమ్ముల మోసం జేసిన్రు సార్.”

ఎగతాళిగా అనలేదు. నా మీద జాలిపడే అన్నాడు. ఆ జాలే నన్ను కాల్చేసింది. పాలపాకెట్ల వాళ్ళలో ఒకాయన, “అరే, ఇన్నొద్దులు ఉన్ని ఉన్ని అంటిరి గద సార్!” అన్నాడు. నలుగురూ ఫక్కున నవ్వారు. మోండా మార్కెట్ దగ్గర కాలిన చోటు కనబడకుండా రఫూ చేసేవాడున్నాడని, తానే తీసుకుపోయి చేయిస్తానని ఇస్త్రీ ఆయన వెనకనుంచి అంటూనే ఉన్నాడు. నేను వినిపించుకోలేదు. సఫారీ కాలినందుకైతే రెండు రోజులు తిట్టి ఊరుకునేవాణ్ణి. పాలిస్టర్ అన్న మాటను మాత్రం మింగలేకపోయాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. “ఈ ఇంట్లకెల్లి గుడ్డముక్క ఒక్కటి సుత ఆ బండి మీదికి పోవద్దు. ఇంట్లనే ఇస్త్రీ చెయ్యి.”

“సరే” అంది.

మా ఆవిడ ఒక్కమాటకే సరే అన్నదంటే అనుమానపడాలి. నాకు ఆ తీరిక ఎక్కడిది? నా బుర్రలో అప్పటికే ఒక మహత్తరమైన ఆలోచన షురూ అయింది. రోజూ పేపర్లో చదువుతూనే ఉంటాను. చెరువు కోసం ఒకాయన, చెత్త కోసం ఒకావిడ, ప్రజల తరఫున హైకోర్టుకు వెళ్ళారని. ప్రజాప్రయోజన వ్యాజ్యం! ఆ మాటలోనే ఒక హుందాతనం ఉంది. చిన్న గొడవ పడ్డట్టు ఉండదు, దేశసేవ చేసినట్టు ఉంటుంది.

మా బామ్మర్ది సీతాఫల్‌మండిలో లాయరు. ఒక చీటీ మీద నాలుగు పాయింట్లు రాసుకుని, గంజిపెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని, ఆటోలో వెళ్ళాను. బండి పొగ, రోడ్డు ఇరుకు, నిప్పు ప్రమాదం, ఈ మూడు పాయింట్లూ గంభీరంగా చదివి వినిపించాను. నాలుగోది చదవలేదు. అది నా జాగ్రత్త కోసం నేను రాసుకున్నది.

అంతా విని వాడు అడిగాడు. “బావా, అసలు సంగతి చెప్పు. ఆయనతోని నీకేం పంచాయితీ?”

“నాకేం పంచాయితీరా? ప్రజల పంచాయితీ.”

“ప్రజలెవరన్న వచ్చి నీకు చెప్పిన్రా?”

“వాళ్ళకు నోరుంటే మనమెందుకు?”

వాడు తల గోక్కున్నాడు. “చూడు బావా. ముందుగాల మున్సిపల్ ఆఫీసుల అర్జీ పెట్టాలె. ఆడ పని కాకుంటే కోర్టు. ఇంకోటి, సొంత పగకు ప్రజల పేరు పెట్టుకొని పోతే జడ్జిలు ఊకోరు, జుర్మానా ఏస్తరు. నాకు ఎవ్వరిమీద కక్ష లేదని నువ్వు ప్రమాణం చేసి సంతకం పెట్టాలె.”

“పెడ్తా. దానికేంది?” అన్నాను.

గంటలో ఇంటికొచ్చి చొక్కా కొక్కేనికి తగిలించాను. ఆ చీటీ తరువాత ఎంత వెతికినా కనబడలేదు. ఆటోలో పడిపోయి ఉంటుందిలే అనుకున్నాను. పాయింట్లు నోటికి వచ్చినవే కదా!

మున్సిపల్ ఆఫీసుకు అర్జీ రాశాను. అబ్బ, ఎంత బాగా కుదిరిందో! రిటైరయ్యాక చేతికి పని లేక తుప్పు పట్టిందనుకున్నాను, పట్టలేదు. “పాదచారుల ప్రాణములకు నిత్యము పొంచియున్న పెనుముప్పు” అని రాసి, ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నాను. మా ఆవిడకు కూడా వినిపించబోయాను. పొయ్యి మీద కూర మాడుతోందని వెళ్ళిపోయింది. వాసన మాత్రం రాలేదు.

ఈలోగా ఇంట్లో బట్టలు తళతళలాడుతున్నాయి. మడత మడతగా, కత్తిలా నిలబడే గీతలతో. “చూసినవా, ఆయనకన్న నువ్వే నయం!” అని మా ఆవిడను మెచ్చుకున్నాను. తను నవ్వాపుకుంటున్నట్టు కనబడింది. మెచ్చుకుంటే సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాను.

కొన్నాళ్ళకు మున్సిపల్ వాళ్ళు వచ్చి బండికి నోటీసు అంటించి పోయారు. పదిహేను రోజుల్లో జవాబివ్వాలి, లేదా బండి తీసేస్తారు. నేను కూరగాయల సంచితో అటు వెళుతుంటే ఇస్త్రీ ఆయన పిలిచాడు.

“నమస్తే సార్. గీ కాయితం జెర సదివి చెప్పరాదుండ్రి. అంత ఆఫీసు భాష ఉన్నది.”

చదివాను. మూడో వరుసలోనే ఎదురైంది, పాదచారుల ప్రాణములకు నిత్యము పొంచియున్న పెనుముప్పు. నా వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా దించేశారు! నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఛాతీ ఉబ్బింది.

“ఎవరోగని శాన గట్టిగ రాసిన్రు సార్” అన్నాడాయన, నా మొహంలోకి చూస్తూ.

“ఆఁ, భాష తెలిసినాయనే రాసినట్టున్నడు” అన్నాను.

ఆయన భార్య బండి పక్కన మూటలు విడదీస్తోంది. తలెత్తకుండానే అంది. “ఈడికెల్లి లేపితే ఏడికి పోవాలె సార్? బండి ఏ మూలకన్న పెట్టుకోవచ్చు. గిరాకీ ఏడికెల్లి వస్తది? ఈ గల్లీల బట్టలే మాకు బువ్వ.”

ఆ మాటకు లోపల కలుక్కుమంది. నిజంగానే కలుక్కుమంది. అయినా పాలపాకెట్ల వాళ్ళ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. ఏదో గొణిగి ఇంటికొచ్చాను. నోటీసుతో ఆగేది లేదు, గడువు దాటిన మర్నాడే హైకోర్టులో వ్యాజ్యం పడాలని బామ్మర్దికి ఫోన్ చేశాను. పిటిషను నేనే రాశాను. “కాలనీవాసులకు సదరు బండి అవసరమే లేదు, పిటిషనరు ఇంట్లో బట్టలన్నీ ఇంట్లోనే ఇస్త్రీ అవుచున్నవి” అని అందులో ఒక పేరా కూడా పెట్టాను. 

గడువుకు ఒకరోజు ముందు, సంతకాలు పెట్టడానికి మళ్ళీ సీతాఫల్‌మండి వెళ్ళాను. ముఖ్యమైన పని కదా, బీరువాలోంచి ఆ తెల్లచొక్కాయే తీసి తొడుక్కున్నాను. బామ్మర్ది ఆఫీసు పక్క గదిలో ఒక పెద్ద వయసు లాయరమ్మ ఉంది. ప్రమాణపత్రం మీద సంతకం ఆమె ముందే పెట్టాలి. ఆమె పాతకాలం మనిషి. చదవకుండా సంతకం పెట్టనివ్వదట.

“పైకి చదవండి” అంది.

“మొత్తమా?”

“ఈ ఒక్క పేరా చాలు. అందరూ అబద్ధమాడేది ఇక్కడే.”

కళ్ళద్దాల కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. అద్దాలతో పాటు ఒక పేపరు పొట్లం చేతికి తగిలింది. పాత పేపరు ముక్క, నాలుగు మడతలు, చివర లోపలికి దోపి. ఆ మడత ఈ లోకంలో ఒక్క మనిషే పెడతాడు.

ఈ చొక్కా ఆయన దగ్గరికి ఎట్లా వెళ్ళింది? పొట్లం విప్పాను. లోపల నా చీటీ. ఆటోలో పడిపోయిందనుకున్న చీటీ. నేను నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్న ఆ కాగితం మీద ఇప్పుడు ఒక్క ముడత లేదు. ఇస్త్రీ చేసి ఉంది. ఒకటి, బొగ్గు పొగ. రెండు, రోడ్డు ఇరుకు. మూడు, నిప్పు ప్రమాదం, బడిపిల్లలు. నాలుగు, సఫారీ సంగతి రాయవద్దు, పాలిస్టర్ అన్న మాట ఎక్కడా రాకూడదు. ఆ నాలుగోదాని కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి.

అంటే నోటీసు రాకముందే ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఇన్ని వారాలు, నేను అటు వెళ్ళినప్పుడల్లా నమస్తే సార్ అన్నాడు. తెలిసే ఆ నోటీసు నాచేత చదివించాడు. చీటీ చించేయలేదు, గల్లీలో ఎవరికీ చూపలేదు. జేబులో దొరికింది కాబట్టి జేబులో పెట్టాడు.

“చదవండి, ఆగారేం?” అంది లాయరమ్మ.

కాగితం వైపు చూశాను. నాకు ఎలాంటి వ్యక్తిగత ప్రయోజనం గానీ, ఎవరి మీదా కక్ష గానీ లేవని రాసి ఉంది.

“ఇది నేను చదవలేనమ్మా” అన్నాను.

“అద్దాలు లేవా?”

“అద్దాలున్నయి.”

ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, పెన్ను మూత పెట్టేసింది. బామ్మర్ది నా భుజం మీదుగా చీటీ చదివి, “సఫారీ సంగతి ఏంది బావా?” అన్నాడు. చెప్పాను. కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు, వెధవ. నా పద్నాలుగు పేజీల పిటిషను అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంటికి రాగానే మా ఆవిడను నిలదీశాను. తను ఏమాత్రం తడబడలేదు.

“మనింట్ల ఇస్త్రీపెట్టె కరాబై రెండేండ్లాయె. మీకు తెల్వదా?”

“మరి ఈ బట్టలన్నీ?”

“పక్కింటి టీచరమ్మ మూటల పోతున్నయి. ఆ తెల్లచొక్కా గంటసేపు తొడుక్కుంటిరి, ఉతుకుడెందుకని ఉత్తగ ఇస్త్రీకి ఏసిన. ఏం, తప్పా?”

అంటే బట్టలన్నీ ఇంట్లోనే ఇస్త్రీ అవుతున్నాయని హైకోర్టు ముందు పెట్టబోయిన ఆ పేరా కూడా అబద్ధమే. అదే అడుగున బండి దగ్గరికి నడిచాను. దారంతా ఏమనాలో కూడబలుక్కున్నాను. ఉత్తరమైతే ఈపాటికి రెండు పేజీలు రాసేసేవాణ్ణి. తీరా అక్కడికి వెళ్ళాక ఆయనే ముందు మాట అందుకున్నాడు.

“నమస్తే సార్” అన్నాడాయన. చేతిలో పని ఆపి, బండి కింది అర నుంచి నోటీసు తీశాడు. “మీతోని ఒక పనుండె. రేపటికి గడువు అయిపోతది. దీనికి జవాబియ్యాలె. మీరే రాయాలె సార్. గా రాసినాయన శాన గట్టిగ రాసిండు. గంత గట్టిగ జవాబు రాసేటోల్లు ఈ గల్లీల మీరొక్కరే.”

మొహంలో నవ్వు లేదు, కోపం లేదు. ఆయన భార్య మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

“గది రాసింది నేనేనయ్యా” అన్నాను.

“ఎరుకనే సార్. కాయితం ఇస్త్రీ చేసింది నేనే గద.” గొంతు తగ్గించి అన్నాడు. “తప్పు నాది సుత ఉన్నది సార్. నలుగుట్ల పాలిస్టర్ అనొద్దుండె. మెల్లగ మీ చెవుల చెప్పాల్సింది. బట్ట కాల్చుడు ఒక తప్పు, గది ఇంకో తప్పు.”

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన బువ్వ నేను తీయబోతే, ఆయన నా పరువు గురించి బాధపడుతున్నాడు! అటు తిరిగి ముక్కు చీదుకుని, “స్టూలు ఉంటే ఇయ్యి” అన్నాను.

ఆ మధ్యాహ్నమంతా బండి పక్కన కూర్చుని నా అర్జీకి నేనే జవాబు రాశాను. నన్ను నేను అంత చిత్తుగా ఎన్నడూ ఓడించుకోలేదు. పొగ సంగతికొస్తే, ఫిర్యాదుదారు తన పెరట్లో ఎండాకులు తగలేసినప్పుడు వచ్చే పొగ ఇంతకన్నా ఎక్కువని రాశాను. తగలేసేది నేనే కాబట్టి సాక్ష్యం గట్టిగా ఉంది. రోడ్డు ఇరుకంటారా, మా ఆవిడ కుట్టుమిషను టేపు తెచ్చి కొలిచాను. గల్లీలో అన్నిటికన్నా ఇరుకైన చోటు నా స్కూటరు నిలబెట్టే చోటు. నిప్పు ప్రమాదానికి బండి కింద ఎప్పుడూ నీళ్ళ బకెట్టు ఉంటుంది. ఆ బకెట్టు నాకు రోజూ కనబడేదే, అర్జీలో మాత్రం కనబడలేదు. అంతా రాసి వినిపిస్తే ఇస్త్రీ ఆయన, “అర్జీకన్న జవాబే ముద్దుగున్నది సార్” అన్నాడు. ఆడిట్ వాళ్ళు కూడా నన్ను అంతగా మెచ్చుకోలేదు.

మర్నాడు ఇద్దరం కలిసి మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళాం. ఆయన సంతకం పెట్టిన జవాబు, నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని నేను రాసిన కాగితం, రెండూ ఇచ్చాం. అక్కడి గుమాస్తా ఫైల్లోంచి నా పాత అర్జీ కూడా తీసి, మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“చేతిరాత ఒక్కటే తీరుగున్నదేంది సార్? ఫిర్యాదు మీరే, జవాబు మీరే. ఇగ మేమెందుకు నడుమ?”

అయినా మంచివాడు. బండిని గోడవైపు రెండడుగులు జరుపుకొమ్మన్నాడు. వీధి వ్యాపారుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టుకోమన్నాడు. అదీ నేనే రాశాను, పెనుముప్పులేవీ లేకుండా. ఆ సాయంత్రమే నలుగురం పట్టి బండి జరిపాం. నా స్కూటరు కూడా లోపలికి జరిగింది.

సఫారీని మా ఆవిడ ఊరికే ఉంచలేదు. కాలిన చోటు కత్తిరించి పారేసి, మిగిలిన బట్టతో పెద్ద సంచి కుట్టింది. ఇప్పుడు మా ఇంటి బట్టలు అందులోనే బండికి వెళతాయి, టీచరమ్మ మూటలో దొంగతనంగా కాదు. మోసుకెళ్ళేది నేనే.

మొన్న ఒక పొద్దున సంచి బండి మీద పెట్టాను. మామూలుగానే పాలపాకెట్ల వాళ్ళు నలుగురూ అక్కడే ఉన్నారు. గల్లీలోకి కొత్తగా అద్దెకు వచ్చిన ఒకావిడ సంచిని చేత్తో నిమిరి, “ఎంత నున్నగున్నది సార్! ఉన్ని బట్టనా?” అంది.

పాలపాకెట్ల వాళ్ళు నా వైపు చూశారు. ఇస్త్రీ ఆయన తలెత్తలేదు. ఒక చొక్కా జేబులో వేలు పెట్టి, అందులో ఏముందా అని మహా శ్రద్ధగా వెతుకుతున్నాడు. ఈసారి ఆయన నోరు విప్పడని నాకు తెలుసు.

“ఉన్ని కాదమ్మా, పాలిస్టర్” అన్నాను, గల్లీ అంతా వినబడేటట్టు. “నన్ను మోసం జేసిన్రు.”